జామీను ఎవరు నిలుస్తారు?



మన సంఘపు ఖర్జె హసనా రిజిస్టరులో ఎనిమిది గళ్ళున్నాయి. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నెంబరు, చేసే పని, కోరిన పైకం, వాయిదాలు, జామీనుదారు పేరు, జామీనుదారు సంతకం. పోయిన ఏడాది వచ్చిన దరఖాస్తులలో తొమ్మిదింటికి ఆఖరి రెండు గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. ఆ తొమ్మిదీ స్త్రీలవే. కార్యవర్గం వాటి మీద "పెండింగు" అని రాసి పక్కన పెట్టింది. అలా పక్కన పెట్టిన చేతులలో మా చేతులూ ఉన్నాయి గనుక ఇది ఎవరి మీదో వేస్తున్న నింద కాదు.

ఖాళీగా ఎందుకున్నాయంటే జవాబు సులభమే. మన నిబంధన ప్రకారం జామీనుదారుకు స్వంత ఇల్లయినా ఉండాలి, నెల జీతమయినా ఉండాలి. ఇంట్లో కూర్చుని కుట్టుపని చేసుకునే బేవాకో, బజారులో గాజుల బండి పెట్టుకున్న ఆవిడకో అటువంటి చుట్టం ఎక్కడి నుంచి వస్తాడు? వచ్చినా "నీ అప్పుకు నేనెందుకు పూచీ పడాలి ఆపా, నాకూ పిల్లలున్నారు" అని తప్పుకుంటాడు. అతన్నీ తప్పు పట్టలేము.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చిందా అని నాలుగు పుస్తకాలు తిరగేస్తే తెలిసినదేమంటే, సుమారు యాభై ఏళ్ళ కిందట మూడు ఖండాలకు చెందిన స్త్రీలు సరిగ్గా ఇదే చిక్కు మీద కూర్చుని మాట్లాడుకున్నారు, మాట్లాడుకుని ఒక అంతర్జాతీయ సంస్థనే కట్టారు. దాని పేరు ఉమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్. పేరులో బ్యాంకింగు ఉన్నా అది బ్యాంకు కాదు. పలు దేశాలలో పేదలకు చిన్న అప్పులిచ్చే సంస్థలను ఒక తాటి మీదికి తెచ్చిన కూటమి. ఆ కూటమి పుట్టుక కథ సభ్యులకు చెప్పాలని ఈ ఏటి సంచికలో ఈ పుటలు అడిగి పుచ్చుకున్నాము.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ సంస్థ వడ్డీ లేని సంస్థ కాదు. దానిలో చేరిన సంస్థలు ఇచ్చే అప్పులు వడ్డీ మీద ఇచ్చేవే. "మరి మన సంచికలో దీని చరిత్ర ఎందుకు?" అని పెద్దలు అడగవచ్చు, అడగడం న్యాయమే. వడ్డీ మాట వదిలిపెట్టి జామీను మాట వరకు చూడండని మా మనవి. మేము నేర్చుకోదలచింది అంతవరకే.

కథ ఆఫ్రికాలో మొదలు పెట్టాలి. అప్పట్లో గోల్డ్ కోస్ట్ అనేవారు, 1957లో స్వతంత్రం వచ్చాక ఘనా అయింది. ఆ దేశంలో పెకి జాకే అనే చోట 1919లో ఎస్తేర్ అనే ఆడపిల్ల పుట్టింది. తండ్రి కమ్మరి. తల్లి కుండలు చేసేది, పొలం పనీ చేసేది. పిల్ల చదువులో చురుకైనది కావడం వల్ల స్కాలర్‌షిప్పు దొరికి అచిమోటా అనే పేరున్న పాఠశాలలో చదువుకున్నది. చదువైతే అయింది గాని చేతిలో కాసు లేదు. బంధువు ఒకావిడ 10 షిల్లింగులు చేతిలో పెట్టింది. ఆ డబ్బుతో ఎస్తేర్ నారింజ పళ్ళు, చక్కెర, 12 గాజు సీసాలు కొన్నది. నారింజ గుజ్జూ తొక్కా కలిపి ఉడికించి చేసే మార్మలేడు, అంటే ఒక రకం జాము, తయారు చేసి సీసాల కెత్తి వీధిలోకి వెళ్ళి అమ్మింది. అంత చదువు చదివిన పిల్ల నెత్తి మీద సరుకు పెట్టుకుని అమ్ముకోవడమేమిటని తోటి చదువుకున్న వాళ్ళు నవ్వినారట. సీసాలు మాత్రం అమ్ముడుపోయినాయి.

ఇక్కడి నుంచి జరిగింది గమనించదగినది. తాను చదివిన బడి వాళ్ళే మార్మలేడు, నారింజ రసం సరఫరా చేయమన్నారు. ఆ తరువాత సైన్యం వారి నుంచి సరఫరా కాంట్రాక్టు వచ్చింది. ఆ కాంట్రాక్టు కాగితం చూపించి ఆమె బ్యాంకులో అప్పు తీసుకోగలిగింది. 1942లో తన పుట్టింటి పేరు మీద న్‌కులేను ఇండస్ట్రీస్ అనే వ్యాపారం పెట్టింది. అంటే ఆమెకు జామీను నిలిచింది ఎవరు? భర్త కాదు, తండ్రి కాదు. ఒక కాగితం. "ఈమె సరుకు మేము కొంటాము" అని సైన్యం వారు రాసి ఇచ్చిన కాగితం. ఆ కాగితం లేకపోతే ఆమె చదువూ, చేతిలోని పనితనమూ బ్యాంకు గుమ్మం దాటి లోపలికి పోయేవి కావు. తన బజారులో తనలాగే సరుకు అమ్ముకునే వందలాది స్త్రీలకు ఆ కాగితం లేదన్న సంగతి ఆవిడ జీవితాంతం మరిచిపోలేదు. తరువాతి రోజుల్లో ఇంగ్లండు పోయి ఆహార పదార్థాలు నిలవ చేసే విద్య నేర్చుకుని వచ్చింది. పెళ్ళయిన తరువాత లోకానికి ఎస్తేర్ ఓక్లూ అన్న పేరుతోనే తెలిసింది.

ఆ దేశపు బజారు స్త్రీలకు పొదుపు తెలియదనుకోవద్దు. పశ్చిమ ఆఫ్రికా అంతటా "సుసు" అనే పద్ధతి ఉన్నది. సుసు మనిషి రోజూ బజారంతా తిరిగి ఒక్కొక్కరి దగ్గర ఇంత అని వసూలు చేసుకుంటాడు. నెలాఖరుకు మొత్తం తిరిగి ఇచ్చేస్తాడు, ఒక్క రోజు పైకం మాత్రం తన కూలి కింద ఉంచుకుంటాడు. మన ఆడవాళ్ళు వేసుకునే చిట్టీలకు దగ్గరి చుట్టమే. అంటే పేద స్త్రీ దాచుకునేందుకు మార్గం ఆమే చూసుకున్నది. అప్పు పుట్టడానికి మాత్రం దారి లేదు.

ఇక మన దేశానికి వద్దాము. అహమదాబాదులో బట్టల మిల్లు కార్మికుల సంఘం ఒకటి గాంధీజీ కాలం నుంచీ ఉన్నది. 1920లో పెట్టినది. దానిలోని మహిళా విభాగంలో న్యాయవాది అయిన ఇలాబెన్ భట్ పని చేసేవారు. మిల్లులో పని చేసే వారికి సంఘం ఉన్నది సరే, మిల్లు బయట తల మీద బట్టల మూటలు మోసే స్త్రీలకు, తోపుడు బండి లాగేవాళ్ళకు, కూరగాయలమ్మే వాళ్ళకు, పాత బట్టలు కొని అమ్ముకునేవాళ్ళకు ఏ సంఘమూ లేదు. 1972లో వీళ్ళందరినీ కలిపి "సేవా" అనే సంఘాన్ని ట్రేడ్ యూనియన్‌గా రిజిస్టరు చేయమని అడిగితే, కార్మిక శాఖ వారు "మీ యజమాని ఎవరు? ఎవరి మీద పోరాడతారు?" అని మొదట్లో ఒప్పుకోలేదు. యజమాని లేనివాడు కార్మికుడు కాడని వారి లెక్క. ఆఖరుకు ఒప్పుకోక తప్పలేదు.

ఆ స్త్రీలలో మనవాళ్ళూ చాలామంది. దరియాపూర్ వంటి పేటలలో మిల్లుల నుంచి వచ్చే చిరుగు ముక్కలను, అక్కడ వాటిని చింది అంటారు, కలిపి బొంతల గలేబులు కుట్టే ముస్లిం స్త్రీలు ఇంటింటా ఉండేవారు. వ్యాపారి ముక్కలిచ్చి కుట్టించుకుని ఇంతని చేతిలో పెట్టేవాడు. మిషను కూడా చాలామందికి అద్దెదే. కూరగాయలమ్మే స్త్రీ సంగతి ఇంకా కష్టం. ఉదయం వడ్డీవ్యాపారి దగ్గర 50 రూపాయలు పుచ్చుకుంటే చీకటి పడే వేళకు 55 కట్టాలి. నూటికి పది, నెలకు కాదు, రోజుకు. మన ఊళ్ళల్లో డైలీ ఫైనాన్సు చూసినవారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

1969లో ప్రభుత్వం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసి పేదలకు అప్పులివ్వమన్నది. సేవా వారు తమ స్త్రీలను ఆ బ్యాంకులకు తీసుకుపోయారు. బ్యాంకు వాళ్ళకు వీళ్ళ వాలకం నచ్చలేదు. వెంట పిల్లలు, మురికి బట్టలు, పనికి పోయే వేళకు బ్యాంకు తెరవరు, పని అయ్యాక వస్తే బ్యాంకు మూసేస్తారు. అప్పు వచ్చినా ఆ డబ్బు దాచుకోవడానికి చోటు లేదు, ఇంటికి తెస్తే మొగుడో కొడుకో లాక్కుంటాడు. 1973 ఆఖరులో జరిగిన సమావేశంలో ఆ స్త్రీలే "మనకు మన బ్యాంకే పెట్టుకుందాము" అన్నారు. పేదవాళ్ళము, మనకు బ్యాంకెక్కడిదని ఎవరో సందేహిస్తే, పేదవాళ్ళమే గాని ఇంతమందిమి ఉన్నాము గదా అని జవాబు వచ్చిందట. 1974లో 4,000 మంది తలా 10 రూపాయల వాటా వేసుకుని సహకార బ్యాంకు పెట్టుకున్నారు.

రిజిస్ట్రేషను రోజులలో జరిగిన ఒక సంగతి మాకు చాలా నచ్చింది. పెట్టేవాళ్ళకు సంతకమే రాదు, బ్యాంకు ఎలా పెడతారని ఆఫీసులో అడ్డం వచ్చింది. బ్యాంకు పెట్టబోయే స్త్రీలు రాత్రంతా కూర్చుని తమ పేరు రాయడం నేర్చుకుని, మరుసటి రోజు తడబడకుండా సంతకాలు పెట్టి వచ్చారు. అందరూ నేర్చుకోలేరు గదా. కనుక ఖాతాదారు తన ఖాతా నెంబరు రాసిన పలక చేత పట్టుకుని ఫోటో దిగేది, ఆ ఫోటోయే పాసుబుక్కులో ఆమెకు గుర్తు. వేలిముద్ర వేసే మనిషిని తక్కువ చూపు చూసే చోట ఆమె ముఖమే సంతకంగా చెల్లింది.

ఇవి ఘనా, గుజరాతుల సంగతులు. అమెరికాలో మాత్రం వేరుగా ఉందనుకుంటే పొరపాటు. ఆ ధనిక దేశంలోనూ స్త్రీ అప్పు కోసం పోతే భర్తనో తండ్రినో వెంట తెచ్చి సంతకం పెట్టించమనడం మామూలుగా ఉండేది. ఆడ, మగ, పెళ్ళయిన, కాని తేడాలు చూసి అప్పు నిరాకరించరాదని అక్కడ చట్టం వచ్చింది 1974 అక్టోబరులోనే. మైకేలా వాల్ష్ అనే ఆవిడ ఆ రోజుల్లో షేర్ల వ్యాపార సంస్థలలో పని చేసి పైకొచ్చిన స్త్రీ. కొంతకాలం బేరూతులో కూడా ఉద్యోగం చేసింది. డబ్బు ఎలా కదులుతుందో, ఎవరి దగ్గర ఆగుతుందో లోపలి నుంచి చూసిన మనిషి.

1975ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించింది. ఆ జూన్ 19 నుంచి జూలై 2 వరకు మెక్సికో నగరంలో మొదటి ప్రపంచ మహిళా మహాసభ జరిగింది. దేశాల ప్రతినిధులు ఒక చోట, ప్రభుత్వాలతో సంబంధం లేని స్త్రీలు వేలాదిగా మరో చోట. మహాసభకు ముందుగా స్త్రీలూ అభివృద్ధీ అన్న విషయం మీద ఒక గోష్ఠి కూడా జరిగింది. అక్కడ అక్షరాస్యత, ఆరోగ్యం, చట్టాలు ఎన్నో మాటలు నడిచాయి. తీర్మానాలకు కొదువ లేదు. సభలంటే తీర్మానాలే గదా. అయితే ఓక్లూ, ఇలాబెన్, వాల్ష్ వంటి కొందరు అడిగింది ఒకే మాట. స్త్రీలకు దానాలు వద్దు, వారు ఇదివరకే పని చేస్తున్నారు, వ్యాపారం చేస్తున్నారు, ఆ వ్యాపారానికి బ్యాంకు నుంచి అప్పు ఎందుకు పుట్టదు? ఆస్తి కాగితాలు మగవాళ్ళ పేరు మీద ఉంటాయి, బ్యాంకు ఆస్తి కాగితం అడుగుతుంది. అంతటితో కథ ముగుస్తున్నది. ఆ తాళం తీయడమెలా?

సభలో పుట్టిన మాటలు విమానం ఎక్కేసరికి చల్లారిపోవడం మామూలు. దీనికి అలా జరగలేదు. తిరిగి వెళ్ళాక న్యూయార్కు కేంద్రంగా ఒక చిన్న కమిటీ ఏర్పడి నాలుగేళ్ళు ఓపికగా పని చేసింది. ఎవరి నుంచి నిధులు తేవాలి, ఏ దేశపు చట్టం కింద రిజిస్టరు చేయాలి, అప్పు నేరుగా ఇవ్వాలా లేక ఇప్పించాలా అన్నవి తర్జనభర్జనలు. ఆఖరుకు 1979లో నెదర్లాండ్స్ దేశపు చట్టం కింద "స్టిఖ్టింగ్" రూపంలో, మన ట్రస్టు వంటిదనుకోండి, సంస్థ నమోదైంది. చిన్న దేశంలో నమోదు చేయడం వల్ల ఏ పెద్ద దేశపు తోకా అనిపించుకోకుండా బతికిందని మా ఊహ. పాలకమండలికి మొదటి అధ్యక్షురాలు ఎస్తేర్ ఓక్లూ. మార్మలేడు సీసాలు అమ్మిన ఆవిడే. మైకేలా వాల్ష్ కార్యనిర్వహణకు ప్రెసిడెంటుగా 1990 వరకు ఉన్నది. ఇలాబెన్ కూడా తరువాత పాలకమండలి అధ్యక్ష పదవి నిర్వహించినారు. 1980లో ఆమ్‌స్టర్‌డాంలో పలు దేశాల స్త్రీలతో మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది.

ఇప్పుడు అసలు విషయం. వాళ్ళు జామీను చిక్కు విప్పిన తీరు ఇది. సంస్థ స్వయంగా ఎవరికీ అప్పు ఇవ్వదు. ప్రతి దేశంలోనూ అక్కడి స్త్రీలే తమ చట్టం కింద తమ సంఘం పెట్టుకోవాలి, తమ వంతు నిధి తామే పోగు చేసుకోవాలి. పై నుంచి శాఖలు తెరిచేది లేదు. ఆ స్థానిక సంఘం ఊళ్ళోని ఒక బ్యాంకుతో ఒప్పందం చేసుకుంటుంది. పేద స్త్రీకి బ్యాంకు అప్పు ఇస్తుంది. ఆమె కట్టలేకపోతే పోయే డబ్బులో సగానికి అంతర్జాతీయ సంస్థ పూచీ, పావుకు స్థానిక సంఘం పూచీ, మిగిలిన పావు బ్యాంకే భరించాలి.

లెక్క వేసి చూడండి. 10,000 అప్పు మొత్తం మునిగితే 5,000 పైవాళ్ళది, 2,500 ఊరి సంఘానిది, 2,500 బ్యాంకుది. ఈ పావు వాటాలోనే తెలివి ఉన్నది. బ్యాంకు నష్టం మొత్తం ఎవరో భరిస్తామంటే బ్యాంకువాడు ఎవరికిస్తున్నాడో చూడడు, వసూలు గురించి పట్టించుకోడు. ఊరి సంఘానికి ఏ నష్టమూ లేకపోతే వాళ్ళు ముఖస్తుతి చేసిన ప్రతి మనిషికీ సిఫారసు రాస్తారు. అందరి వేళ్ళూ కొంచెం కొంచెం కాలేట్టు పెట్టారు. ఈ విధంగా కొన్ని అప్పులు నడిచాక ఈ స్త్రీలు డబ్బు తిరిగి కట్టే మనుషులేనని బ్యాంకు కళ్ళతో చూసి, ఆ పైన జామీను లేకుండానే తలుపు తీస్తుందని వారి ఆశ.

జామీనుగా నిలవాలంటే వెనక మూలధనం కావాలి గదా. నెదర్లాండ్స్, ఉత్తర ఐరోపా దేశాల ప్రభుత్వాలు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వంటివి ఇచ్చిన నిధులను ఖర్చు పెట్టకుండా పెట్టుబడిగా ఉంచి, ఆ నిధి బలం మీద పూచీ కాగితాలు రాశారు. అంటే డబ్బు కదలకుండా కూర్చునే పని చేసింది. ఒకే రూపాయి ఒకరికి దానమిస్తే ఒకసారి అయిపోతుంది. జామీనుగా నిలబెడితే అప్పు తీరిన ప్రతిసారీ మళ్ళీ ఖాళీ అయి ఇంకొకరికి నిలబడుతుంది. మన బైతుల్‌మాల్ లెక్కలు రాసేవారు ఈ ఒక్క ముక్క రెండుసార్లు చదవాలి.

సంఘాలు ఒక్కొక్కటే పుట్టాయి. 1980లో కొలంబియా దేశపు కాలీ నగరంలో, 1981లో కెన్యాలో, 1982లో డొమినికన్ రిపబ్లిక్‌లో. 1980ల మొదట్లోనే అహమదాబాదులోనూ మిత్రసంఘం ఒకటి ఏర్పడింది. కొన్ని తరువాత తరువాత పెరిగి పెద్దవై బ్యాంకులే అయినాయి. డొమినికన్ రిపబ్లిక్ సంఘం 2004లో, కొలంబియాది 2011లో బ్యాంకు రూపం దాల్చాయి. ఇదే కాలంలో మన పొరుగున చిట్టగాంగు దగ్గరి జోబ్రా పల్లెలో ఆచార్య ముహమ్మద్ యూనుస్ 1976లో 42 మందికి కలిపి 27 డాలర్ల పాటి సొమ్ము తన జేబు నుంచి ఇచ్చి గ్రామీణ బ్యాంకుకు విత్తు వేశారు. ఆ కథ అందరికీ తెలిసినదే, ఇక్కడ వివరించము.

జామీను పథకం దోషం లేనిదని మేము చెప్పడం లేదు. కాగితాల మీద నడిచే పని, సముద్రాల అవతల సంతకాలు కావాలి, ఒక కుట్టుమిషను అప్పుకు అంత తతంగం బరువే. బ్యాంకులు కూడా ఆశించినంత త్వరగా మారలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ చాలా సంఘాలు బ్యాంకును బతిమాలడం మానుకుని తామే అప్పులివ్వసాగాయి. 1990ల నుంచి ఆ కూటమి ప్రధానంగా అటువంటి అప్పు సంస్థలకు సలహా, శిక్షణ, పరస్పర పరిచయం కల్పించే కూటమిగా మారింది.

అక్కడి నుంచి లోకంలో జరిగిన మార్పు మన గడపదాకా వచ్చింది. చిన్న అప్పు లాభసాటి వ్యాపారమని పెద్ద పెట్టుబడిదారులకు తెలిసిపోయింది. మన రాష్ట్రంలో ఎన్ని కంపెనీలు! వాడవాడనా స్త్రీలను ఐదుగురిని, పదిమందిని గుంపు చేయడం, ఒకరికి ఒకరు పూచీ అని రాయించుకోవడం, వారం వారం వసూలు. 2006లోనే కృష్ణా జిల్లాలో గొడవలు ముదిరి అధికారులు ఆ కంపెనీల శాఖలు సుమారు యాభై మూయించినారు. అయినా ఆగలేదు. 2010 ఆగస్టులో మన హైదరాబాదు నుంచి పెరిగిన ఒక కంపెనీ షేర్లు బొంబాయి మార్కెట్టుకు ఎక్కాయి. అదే ఏడు అప్పుల బాధకు ప్రాణాలు తీసుకున్న వారి వార్తలు పత్రికల నిండా వచ్చాయి. అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వసూళ్ళకు కళ్ళెం వేసింది. మన పేటలలో ఆ రోజులు మరిచిపోయినవారు లేరు. వాయిదా కట్టలేని ఇంటి ముందు గుంపులోని మిగతా ఆడవాళ్ళు కూర్చునేవారు. కూర్చోకపోతే తమ మీద పడుతుంది. నిన్నటిదాకా చక్కెర, పాలు బదులు ఇచ్చిపుచ్చుకున్న ఇరుగుపొరుగులే.

మొదటి ఆలోచనకూ దీనికీ తేడా వడ్డీ రేటులోనే ఉన్నదని చాలామంది అంటారు. వడ్డీ పాపమే, దాని మాట వేరే. మా దృష్టికి మాత్రం తేడా జామీనులో కనబడుతున్నది. 1979 నాటి ఏర్పాటులో బలమున్నవాడు బలం లేనిదానికి పూచీ పడ్డాడు. బరువు పైకి పోయింది. గుంపు అప్పులో అదే జామీను పేద మీద పేద మోసేట్టు కింది నేల మీదికి దిగింది. కంపెనీవాడు పావు వాటా కూడా తన మీద ఉంచుకోలేదు.

ఇంతకూ మన వైపు ఏమున్నది? ఉన్నదని గర్వంగానే చెప్పాలి. 1890ల నుంచే హైదరాబాదులో వడ్డీ లేని అప్పులిచ్చే సంఘాలు నడిచినాయని, ఉస్మానియాలో చదివి తరువాత పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా సాహెబు రాసి పెట్టారు. ఆఫీసు గుమాస్తాలు, చిన్న ఉద్యోగులు నెలనెలా కొంత వేసుకుని, అవసరమైనవాడికి ఇచ్చి, అసలు మాత్రమే వాయిదాలలో తీసుకునేవారు. అయితే అవి జీతమున్నవాళ్ళ సంఘాలు. జీతమే జామీను. జీతం లేని ఆడమనిషి సంగతి అక్కడా మిగిలిపోయే ఉంటుంది.

దీనిలో సాధికారంగా చెప్పవలసినవారు ఉలమా. మాకు తెలిసినంత మట్టుకు రెండు సంగతులు గుర్తు చేస్తాము. ఖుర్ఆన్ మజీదులో అన్నిటికన్నా పొడవైన ఆయతు అప్పును కాగితం మీద పెట్టుకోవడం గురించినదే. కనుక మన రిజిస్టరు గళ్ళు అనవసరమైనవి కావు, అవి ఉండాలి. రెండవది, హదీసులో వచ్చిన వృత్తాంతం. అప్పు మిగిల్చి పోయిన ఒకరి జనాజా వస్తే రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం తాము నమాజు చేయించడానికి ముందుకు రాలేదు. అబూ ఖతాదా రజియల్లాహు అన్హు ఆ అప్పుకు తాను పూచీ అన్న తరువాతనే చేయించారు. ఆ చనిపోయిన మనిషి పూచీ కోసం అడగలేదు, అడగలేడు కూడా. నిలబడగలిగినవారు తామై నిలబడ్డారు. దీన్నే ఫిఖహ్‌లో కఫాలా అంటారు. కఫాలాకు ప్రతిఫలం పుచ్చుకోరాదని ఫుఖహాలలో అధికుల మాట.

మరి మనం చేస్తున్నదేమిటి? జామీనుదారును నువ్వే వెతుక్కుని రా అని, అందరికంటే బలహీనమైన మనిషి మీద ఆ బరువు వేశాము. వెతుక్కోలేనిదానికి పెండింగు రాశాము.

ఈ మాట కార్యవర్గంలో అన్నప్పుడు ఒక పెద్దాయన, ఎన్నో ఏళ్ళు లెక్కలు రాసిన అనుభవజ్ఞుడు, "సంఘమే అప్పిచ్చి సంఘమే జామీను నిలిస్తే ఇక కట్టేదెవరు మియా? అల్లా మాల్ అని వదిలేస్తారు" అన్నారు. ఆ భయం ఉత్తదని కొట్టిపారేయలేము. అందుకే సగం, పావు, పావు అన్న ఆ పాత లెక్క మళ్ళీ తీసి చూశాము. మనకు తోచిన రూపం ఇది. స్తోమత ఉన్న సభ్యులు దానంగా కాక నిలవ ఉంచే సొమ్ముగా ఒక జామీను నిధికి ఇస్తారు. మునిగిన అప్పులో సగం ఆ నిధి భరిస్తుంది. పావు, ఆ స్త్రీని ఎరిగి ఆమె పని చూసి సిఫారసు చేసిన మొహల్లా కమిటీ భరిస్తుంది. పావు సంఘపు ఖర్జె హసనా ఖాతా భరిస్తుంది. వడ్డీ లేదు, రుసుము లేదు. నిజంగా దివాలా తీసిన మనిషి అప్పు మాటలో జకాత్ పద్దు వాడవచ్చునా అన్నది ఉలమా సాహెబులను అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారు ఒక వర్గమన్నది సభ్యులందరికీ తెలిసినదే, అయితే దాని హద్దులు వారే చెప్పాలి.

ఎస్తేర్ ఓక్లూ 2002 ఫిబ్రవరిలో అక్రా నగరంలో కన్నుమూశారు. తాను చేసే జాములూ రసాలూ ఎలా చేయాలో ఇతర స్త్రీలకు నేర్పడం ఆమె దాచుకోలేదు. ఇలాబెన్ 2022 నవంబరు 2న అహమదాబాదులో కాలం చేశారు.

తొమ్మిది దరఖాస్తులలో రెండు ఈ మధ్య వెనక్కి తీసుకున్నారు. ఒకావిడ డైలీ ఫైనాన్సులో తీసుకున్నదని తెలిసింది. మిగిలిన ఏడు రిజిస్టరులో ఉన్నాయి. రంజాను ముందు జరిగే సర్వసభ్య సమావేశపు అజెండాలో జామీను నిధి నాలుగవ అంశం. స్త్రీలు కూర్చోవడానికి పరదా ఏర్పాటు ఉంటుంది. అస్ర్ నమాజు కాగానే మొదలు పెడతాము.